లోపల వదిలిన గుడ్డ

జీలాంగ్‌లో, రైరీ వీధి చివర
ప్యాంట్లు పొట్టి చేసే కొట్టు నాది.
ఎదిగే పిల్లల బట్టలకి
లోపల రెండంగుళాలు వదలమని
ఆదోనిలో దస్తగిరి మాస్టారు నేర్పారు.
నలభై దాటాక నేనే ఎదుగుతానని
ఆయన చెప్పలేదు.

ముందు అంగుస్తానా పట్టడం మానేసింది.
వేలు వాచిందనుకుని సబ్బు రాశాను.
తర్వాత ఉంగరం. తర్వాత చెప్పులు,
ఏడు, ఎనిమిది, ఆపైన మగవాళ్ల అరలో.
పళ్ల మధ్య సందులు. గొంతు బొంగురు.
కరెంటాఫీసు వాళ్లు ఫోన్లో "సర్" అంటే
అవునని బిల్లు కట్టేశాను.

తొమ్మిదేళ్లు.
థైరాయిడేమో, వయసేమో, తిండేమో అన్నారు ముగ్గురు డాక్టర్లు.
పట్టుకున్నది మాత్రం
ప్యాంటు పొట్టి చేయించుకోడానికొచ్చిన బెరిల్.
రిటైరైన నర్సు. చిల్లర అందుకుని నా చెయ్యి వదల్లేదు.
"ఈ చెయ్యి ఎప్పుడూ ఇంతేనా?" అంది.

మెదడు కింద శనగగింజంత గ్రంథి,
దాన్ని కరుచుకుని ఇంకో గింజ.
ముక్కులోంచి వెళ్లి తీశారు, అందినంత.
రక్తనాళానికి చుట్టుకున్న పోగొకటి ఉండిపోయింది.
కుట్లు విప్పేవాళ్లకి తెలుసు ఆ పోగు సంగతి,
లాగితే బట్టే పోతుంది.

అప్పట్నుంచీ నెలకోసారి తుంటిలో సూది.
సూదులతో బతికేదాన్ని, నా మాట నమ్మండి,
అది సూది కాదు, దబ్బనం.

అందుకే వెతికాను, మాత్రగా వస్తుందేమో అని,
రాత్రి కొట్టు మూశాక, కత్తెర పక్కన ఫోను పెట్టుకుని.
బ్రిస్బేన్‌లో ట్రయల్: చోట్లు నిండిపోయాయి.
సిడ్నీలో: ఆపరేషనై ఏడాది నిండాలి, నాకు పది నెలలు.
మూడోవాళ్లకి కావలసింది నా రక్తంలో ఒక అంకె.
గీతకి అవతల ఉండాలి, నాది ఇవతల, ఇసుమంత.
"మీ పరిస్థితి మెరుగ్గానే ఉంది" అని రాశారు, శుభాకాంక్షల్లాగా.
ఇన్నేళ్లూ జనానికి కొలతలు తీశాను.
కొలత చాలక వెనక్కొచ్చిన గుడ్డ మొహం
ఆ రాత్రి అద్దంలో చూశాను.

నాలుగోది మెల్‌బోర్న్.
పరగడుపున, చీకటితో మొదటి రైలు.
లారా దాటాక తెల్లారింది.
తుయ్ అనే అమ్మాయి ముప్పై ఒక్క పేజీలు ముందు పెట్టింది,
ఫోన్లో ఒక తెలుగు దుబాసీని కలిపింది.
ఒక మాట దగ్గర ఆయన ఆగిపోయాడు.
దగ్గాడు. వెతుక్కున్నాడు.
"మందులేని మాత్రమ్మా... ఆటలో అరటిపండు లాంటిది."
"అది నాకొస్తే?"
"రావచ్చు. ఇచ్చేవాళ్లకి కూడా తెలీదంట."

ఇరవై రెండో పేజీలో ఉంది:
ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.
అది రెండుసార్లు చదివించుకున్నాను.
లోను కాగితాల్లో చూడలేదు, పెళ్లిలో వినలేదు
ఇలాంటి మాట.

సంతకం పెట్టాను.
ఉరుకుందమ్మ అని పలకడానికి తుయ్ పడే తిప్పలు తీరిపోయాయి.
ఇకమీదట నేను సున్నా ఆరు పంతొమ్మిది.
గుత్తికి కట్టిన ఇనప ఉంగరాలు తెచ్చి
ఒక్కొక్కటే నా వేలికి ఎక్కించి చూసింది,
ఏది పడుతుందో రాసుకుంది.
టేపుకి అవతలి కొసన నిలబడ్డం నాకు కొత్త.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఇవాళ పదకొండో రోజు.
డైరీలో రాశాను: చెమట, కాస్త. తలనొప్పి, లేదు.
తెల్లటి మాత్ర. మందో, అరటిపండో
ఎంతసేపు చూసినా చెప్పదు.
గుండీల డబ్బాలో పాత అంగుస్తానా దొరికింది,
ఊరికే అందులో వేసి చూశాను.
సరిగ్గా పట్టింది.

మింగాక గంటదాకా కాఫీ లేదు.
కొట్టు తలుపు తీశాను.
స్కూలు గౌను పట్టుకుని ఎవరో తల్లి నిలబడి ఉంది,
పిల్ల మోకాళ్లు కనబడుతున్నాయి.
అంచు తిరగేసి చూశాను.
ఎవరు కుట్టారో గానీ
లోపల గుడ్డ వదిలారు.